నా జ్వరానికి పేరు వెతికిన రోజులు

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. జబ్బుల గురించి ఎవరు ఏం రాసినా నేను ముందు చివరి పేజీ తిప్పి మనిషి బతికిందా లేదా అని చూసుకునే రకం. మీకు ఆ శ్రమ వద్దు. బతికాను, అన్నం తింటున్నాను, కాలేజీకి వెళ్తున్నాను, లైబ్రరీలో గుసగుసలాడే పిల్లల్ని ఎప్పటిలాగే కసురుతున్నాను.

ఇంకో ముక్క కూడా ఇక్కడే. ఇంటర్నెట్టు చూసి ఎవరి జబ్బు వాళ్లే తేల్చేసుకోమని నేను చెప్పడం లేదు. ఆ పని నేనూ చేశాను. పది రోజుల్లో నాకు నేనే మూడు రకాల కేన్సర్లు అంటగట్టుకుని, ఏ చీర ఎవరికివ్వాలో కూడా మనసులో పంచేసుకున్నాను. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని సరిగ్గా వెతికాను. ఆ రెండింటికీ తేడా ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వెతుకులాట తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో హుషారు పుడుతుంది. ప్రాణం మీదికొచ్చిన రోజుల్ని తలుచుకుని హుషారేంటని మావారు అంటారు. ఆయనకేం తెలుసు.

నా పేరు ప్రమీల. కడియం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. నలభై ఏడేళ్లు, షుగరు మొదలై ఆరేళ్లు. మావారు ప్రకాశానికి మొక్కల నర్సరీ. మాకు ఒక్కతే అమ్మాయి, విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మా నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఎనభై ఏళ్లు దాటినా చొక్కా ఇస్త్రీ నలగదు, ఎదుటివాడి వాక్యంలో తప్పుంటే ఆగలేరు.

జులై

వానలు మొదలయ్యాయంటే నర్సరీలో చేతినిండా పని. కాలవ ఒండ్రు, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నల్ల కవర్లలో నింపాలి, వాటిలో మొక్కలు నాటాలి. పొద్దున్న ఆరింటి నుంచి ఏడున్నర దాకా నేనూ కింద కూర్చుని కవర్లు నింపుతాను. వట్టి చేతులతోనే. మావైపు అది పని కింద లెక్క కాదు. కాఫీ కాచుకోవడం ఎలాగో అదీ అంతే. ఎవరైనా దారిన పోతూ ఏం చేస్తున్నారని అడిగితే, "ఏం లేదండీ, ఊరికే కవర్లు నింపుతున్నాం" అంటాం. ఆ "ఏం లేదండీ" ఎంత పని చేసిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

జ్వరం నెల మొదట్లో పట్టుకుంది. సాయంత్రానికి చలి, తర్వాత వేడి, తెల్లారేసరికి చెమట. వానాకాలం జ్వరమే కదా అని మూడు రోజులు మాత్రలు మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. రెండో వారానికి దగ్గు తోడైంది. మూడో వారానికి జాకెట్లు వదులైపోయాయి. కాలేజీలో అటెండరు నన్ను చూసి, "డైటింగాండి మేడమ్" అని అడిగింది. నవ్వాలనుకున్నాను గానీ నవ్వు సగంలో దగ్గైపోయింది.

మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు, డెంగీ కాదన్నారు. కాదన్న ప్రతిసారీ మావారు సంతోషించేవారు. నాకు మాత్రం భయం పెరిగేది. పేరు లేని జ్వరం కంటే పేరున్న జ్వరం నయం. పేరుంటే దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి ఉంటారు.

నెలాఖరుకి రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. నాన్నగారు మాకంటే ముందే వచ్చి నంబరు తీసుకుని కూర్చున్నారు. హాలు నిండా జనం. ఫ్యాను కింద కుర్చీలో ఉప్పాడ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది, వాళ్లాయన్ని చూపించడానికి వచ్చిందట. నేను గోడకి జారబడడం చూసి లేచి, "ఇలా కూర్చోండమ్మా, నేను మగ్గం ముందు కూర్చుని కూర్చుని విసిగిపోయాను, కాసేపు నిలబడితేనే నాకు హాయి" అంది. అబద్ధమని నాకు తెలుసు. మూడు గంటలు నిలబడే ఉంది. ఆవిడ పేరు అడగలేదు, ఇప్పటికీ అదే బాధ.

లోపల డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూశారు. ఊపిరితిత్తిలో పైభాగాన మచ్చ ఉందన్నారు. అప్పుడు అడిగారు, మంచి డాక్టరు అడగవలసిన ప్రశ్నే.

"ఏం చేస్తుంటారమ్మా మీరు?"

"లైబ్రేరియన్‌నండి."

"ఇంటి దగ్గర పొలం పనులు, పశువులు, మట్టి పని ఏమైనా ఉన్నాయా?"

నేను నోరు తెరిచేలోపు మావారు అందుకున్నారు. "లేదండీ. మాకు నర్సరీ ఉంది గానీ మా ఆవిడ మట్టి ముట్టుకోదండీ. అదంతా నేనూ కూలివాళ్లూ చూసుకుంటాం."

నేను నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో చెప్పాలి. మా నాన్నగారి అమ్మ, అంటే మా నానమ్మ, జీవితమంతా పరుల పొలాల్లో ఊడ్పులకీ కలుపులకీ వెళ్లిన మనిషి. ఆవిడ అక్షరం ముక్క దిద్దకుండానే పోయిందని నాన్నగారికి జీవితకాలం దిగులు. అందుకే మా పెళ్లి మాటల్లో కట్నం మాట, లాంఛనాల మాట ఏదీ ఎత్తకుండా ఒక్కటే అడిగారు. "మా అమ్మాయి చేత మట్టి పని చేయించకూడదు బాబూ." మావారు సరేనన్నారు. నిజంగానే ఆయన ఏనాడూ చేయమనలేదు. కూర్చున్నది నేను. నాకు ఆ తడి మట్టి వాసన, కవరు నిండగానే గుండ్రంగా నిలబడే తీరు, తెల్లవారి ఆ గంటన్నర నిశ్శబ్దం ఇష్టం. ఇరవై ఏళ్లుగా నాన్నగారు వస్తున్నారంటే గోళ్లు బ్రష్షుతో తోముకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆయన నా పక్క కుర్చీలో ఉన్నారు, చేతిలో నా ఫైలు పట్టుకుని. ఎలా చెప్పను?

కఫంలో టీబీ దొరకలేదు. అయినా షుగరుంది, మచ్చ ఉంది, బరువు తగ్గుతోంది, చూస్తే అలాగే ఉంది కాబట్టి టీబీ మందులే మొదలుపెడదామన్నారు డాక్టరు గారు. ఆయన్ని తప్పు పట్టను. మేం చెప్పినదాన్ని బట్టి ఆయన చెప్పారు.

ఆగస్టు

మందులు మింగుతున్నాను, జ్వరం మాత్రం దాని దారిన అది వస్తోంది. రెండు వారాలు గడిచాయి. మావారు మాట్లాడడం తగ్గించేశారు. వంట ఆయనే చేసేవారు, ఉప్పు వేశారో లేదో గుర్తుండక రెండుసార్లు వేసేవారు. మా చర్చి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. చాలా ప్రేమగా చేశారు గానీ, ప్రార్థనలో "వెళ్లిపోయినా నీ సన్నిధికే" అన్న మాట దొర్లింది. వాళ్లు వెళ్లాక నేను మంచం మీద లేచి కూర్చుని లాప్‌టాప్ తెమ్మన్నాను. ఆ మాట నాకు కోపం తెప్పించింది. కోపమే నన్ను లేపింది.

మొదట చేసింది పిచ్చి వెతుకులాట. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం అని టైపు చేశాను. ప్రపంచంలో ఉన్న జబ్బులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. చీరలు పంచుకున్నది ఈ పది రోజుల్లోనే.

పదకొండో రోజు ఫోను చేసింది హారిక. ఒకప్పటి మా కాలేజీ పిల్ల, ఇప్పుడు వైద్య పరిశోధన చేస్తోంది. విషయమంతా విని, "ఏం మాటలతో వెతికారు మేడమ్?" అంది. చెప్పాను. తను మెల్లగా, "చీటీ నింపారా మేడమ్?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. చీటీ నా సొంత ఆవిష్కరణ. మా లైబ్రరీలో కంప్యూటరు ముట్టుకునే ముందు ప్రతి విద్యార్థీ ఒక చీటీ నింపాలి. దాని మీద నాలుగు గళ్లు: ఎవరు, ఎక్కడ, ఏం చేస్తుండగా, ఏమైంది. అవి నింపనివాళ్లని వెనక్కి పంపేస్తాను. హారికని ఎన్నిసార్లు పంపానో లెక్కలేదు. పరిశోధన వ్యాసాల డేటాబేస్ అంటే చుట్టుపక్కల కబుర్లు చెప్పే పెద్దమనిషి కాదు, అడిగిన మాటకే జవాబిస్తుంది, అందుకని అడిగే మాట ముందు కాగితం మీద తేల్చుకోవాలి అని క్లాసు పీకేదాన్ని. ఆ క్లాసు నాకే గుర్తు రాలేదు.

"ఇప్పుడు నింపుతాను, ఫోను పెట్టెయ్" అన్నాను.

పాత డైరీలో కాగితం చింపి నాలుగు గళ్లు గీశాను. ఎవరు? షుగరున్న ఆడమనిషి. ఎక్కడ? గోదావరి డెల్టా, వానాకాలం. ఏమైంది? జ్వరం, ఊపిరితిత్తిలో మచ్చ, టీబీ మందులకి లొంగలేదు. మూడో గడి దగ్గర కలం ఆగింది. ఏం చేస్తుండగా? లైబ్రేరియన్ అని రాశాను. రాసి చూసుకున్నాను. లైబ్రేరియన్‌కి ఏమొస్తుంది, తుమ్ములొస్తాయి. కుడిచేతి చూపుడువేలి మీద మానిపోయిన గాటు కనిపించింది. జూన్ చివర్లో కవర్ల కట్ట కోస్తుంటే బ్లేడు తగిలింది. ఆ వేలితోనే జ్వరం వచ్చేదాకా రోజూ మట్టి కలిపాను.

లైబ్రేరియన్ అన్న మాట కొట్టేసి, మట్టి అని రాశాను.

ఇక ఆ తర్వాత గంట ఎలా గడిచిందో చెప్తాను. వైద్య వ్యాసాల సూచిక ఒకటుంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. దాంట్లో ఈసారి జబ్బు పేర్లేవీ వెయ్యలేదు. మట్టి, అండ్, డయాబెటిస్, అండ్, జ్వరం, అండ్, ఊపిరితిత్తులు. రెండు మాటల మధ్య అండ్ పెడితే రెండూ ఉన్న వ్యాసాలే వస్తాయి. వేలల్లో ఉన్న కుప్ప ఒక్కసారిగా కరిగి చిన్న కట్ట అయింది. వానాకాలం కలిపాను, ఇంకా తగ్గింది. ఇండియా కలిపాను. అప్పుడు కనిపించింది. ఒక పేరు. రెండో వ్యాసంలోనూ అదే పేరు. కిందికి జరుపుతున్నాను, మళ్లీ అదే. జన్మలో వినని పేరు. మెలియాయిడోసిస్.

ఒళ్లంతా గగుర్పొడిచింది, అది జ్వరం కాదు. లైబ్రరీలో పాతికేళ్లు పనిచేసిన మనిషికి ఆ క్షణం అంటే ఏమిటో తెలుసు. అరల మధ్య తిరిగి తిరిగి అడిగిన పుస్తకం వెన్ను కనిపించినప్పుడు చెయ్యి దానంతట అదే వెళ్తుంది చూడండి, అది. వ్యాసాల సారాంశాలు చదివాను. తడి మట్టిలోనూ నీళ్లలోనూ ఉండే క్రిమి. వరి పండే చోట్ల. వానల్లో ఎక్కువ. గాయం నుంచో గాలి నుంచో ఒంట్లో చేరుతుంది. షుగరున్నవాళ్లకి ముప్పు. టీబీ అని పొరబడతారు. ప్రతి వాక్యానికీ నేను మంచం మీద కూర్చుని తలాడిస్తున్నాను, ఎవరో నా గురించి చెబుతున్నట్టు.

"ఏవండీ" అని పిలిచాను. నెల రోజుల తర్వాత నా గొంతు అంత గట్టిగా వచ్చింది. మావారు నర్సరీలోంచి మట్టి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు, ఏదో అయిపోయిందనుకుని. తెర చూపించి, "దొరికింది" అన్నాను. ఆయన తెరని కాదు, నా మొహాన్ని చూశారు. "నవ్వుతున్నావేంటి ప్రమీలా" అన్నారు. నిజమే, నవ్వుతున్నాను.

ఇక్కడే నేనొక మంచి పని చేశాను, గొప్పగా చెప్పుకుంటాను. దొరికినదాన్ని కౌగిలించుకోలేదు. మర్నాడంతా ఇది తప్పని చూపించే వ్యాసాల కోసం వెతికాను. ఇవే లక్షణాలున్న వేరే జబ్బులేమిటి, దీన్ని ఎలా ఖాయం చేస్తారు అని. చాలా ఉన్నాయి. ఖాయం చేసేది మాత్రం ఒక్కటే కనిపించింది, కల్చర్. అంటే రక్తమో కఫమో తీసుకుని అందులోని క్రిమిని ల్యాబులో పెంచి చూడడం. దానిలోనూ ఒక మెలిక ఉంది. ముందే చెప్పకపోతే ల్యాబువాళ్లు దాన్ని మామూలు క్రిమి అనుకుని పక్కన పడేసే ప్రమాదం ఉందట. పూర్తి వ్యాసాలు రెండు చందా కట్టినవాళ్లకే తెరుచుకుంటాయి. హారిక వాళ్ల లైబ్రరీ ద్వారా తీసి పంపింది, కింద ఒక వాక్యం చేర్చి: "చీటీ నింపినందుకు మెచ్చుకోలు, మేడమ్." పిల్లలతో నేననే మాటే నాకు తిరిగొచ్చింది.

కాగితాలు సిద్ధం. ఇక డాక్టరు గారికి చెప్పడమే. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

"చెబుదాం" అన్నారు మావారు. "కానీ మావయ్య గారిని ఈసారి రావద్దందాం. లేదా డాక్టరు గారికి ఫోన్లో చెప్పేద్దాం."

"ఆయన రాకుండా ఉంటారా? నంబరు తీసుకునేదే ఆయన."

"ఆ పెద్దాయన అడిగింది ఒక్కటే మాట ప్రమీలా. ఆ ఒక్కటీ నిలబెట్టలేదని ఎలా తెలియనివ్వను?"

"నేను పోయాక తెలిస్తే ఫరవాలేదా?"

అలా అనకూడదు. అన్నాను. ఆయన లేచి వెళ్లి నర్సరీలో పంపు కింద చాలాసేపు చేతులు కడుక్కున్నారు. తిరిగొచ్చి, "నావల్లే వచ్చిందంటావు కదా" అన్నారు. నీవల్ల కాదు, నేనే కూర్చున్నాను అన్నాను. ఇద్దరం ఏడ్చాం. చివరికి ఆయనే, "నేను చెప్పిన అబద్ధం కదా, నేనే దిద్దుతాను" అన్నారు.

ఆగస్టు ఆఖరి వారం

అదే హాలు, అదే ఫ్యాను. నాన్నగారు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లోపలికి వెళ్లాక నేను డాక్టరు గారి ముందు రెండే కాగితాలు పెట్టాను. హారిక చెప్పింది, ముప్పై పెడితే ఒక్కటీ చూడరని. "ఇది నాకుందని చెప్పడం లేదండి. ఒక్క పరీక్ష చేయిస్తారేమోనని అడుగుతున్నాను" అన్నాను.

ఆయన మొహం కాస్త ముడుచుకుంది. రోజుకి ఎంతమంది ఫోన్లు పట్టుకుని వస్తారో పాపం. కాగితం ఎత్తారు. రెండో పేరాకి వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగారు. "ఇది మట్టిలో పని చేసేవాళ్లకి వచ్చేదమ్మా. మీకు ఆ పని లేదన్నారుగా?"

మావారు గొంతు సవరించుకున్నారు. "ఉందండీ. అప్పుడు నేను అబద్ధం చెప్పాను. రోజూ పొద్దున్న కవర్లలో మట్టి నింపుతుందండీ. చేతికి ఏమీ తొడుక్కోదు."

నేను వేలు చూపించాను. నాన్నగారు నా వైపు తిరిగారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పెళ్లైన మరుసటేడు నుంచి నాన్నగారూ. ఆయన చెయ్యమనలేదు. నాకు ఇష్టమయ్యే చేశాను."

ఆయన ఫైలు బల్ల మీద పెట్టి, డాక్టరు గారికి నమస్కారం పెట్టి, బయటికి వెళ్లిపోయారు. తలుపు నెమ్మదిగానే మూశారు. అది గట్టిగా వేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

డాక్టరు గారు అప్పటికే ల్యాబుకి ఫోను చేస్తున్నారు. "మామూలుగా చూసి వదిలెయ్యొద్దు, నేను పేరు చెబుతున్నాను, రాసుకోండి" అని అక్షరం అక్షరం చెప్పారు. ఆ మాటలు వింటుంటే నేను చదివిన వ్యాసంలోని వాక్యం లేచి నడిచినట్టనిపించింది. ఫోను పెట్టి నాతో, "రాకపోతే నిరుత్సాహపడకండి" అన్నారు. ఆయన కళ్లలో మాత్రం నాకున్న ఆత్రమే కనిపించింది.

ఎదురుచూసిన రోజులు చెప్పను. ఫోను మోగినప్పుడల్లా మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం, అది బ్యాంకువాళ్ల ఫోనైనా సరే. అయిదో రోజు మధ్యాహ్నం డాక్టరు గారే స్వయంగా చేశారు. "పెరిగిందమ్మా. మీరు చెప్పిందే. వెంటనే వచ్చి చేరిపోండి."

ప్రాణాంతకమైన జబ్బు ఉందని తేలితే ఎగిరి గంతేసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఎగరడానికి కాళ్లలో ఓపిక లేదు గానీ, మంచం మీద కూర్చునే రెండు చేతులూ పైకెత్తాను. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి భోరుమన్నారు. హారికకి ఫోను చేస్తే, అరిచిన అరుపుకి వాళ్ల ల్యాబులో ఎవరో వచ్చి ఏమైందని అడిగారట.

సెప్టెంబరు

రెండు వారాలకి పైగా ఆసుపత్రిలో సెలైన్ గొట్టాలతో ఉన్నాను. వారానికి జ్వరం దిగడం మొదలైంది. ఒక సాయంత్రం చలి రావాల్సిన వేళకి రాలేదు. దుప్పటి పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను, రాలేదు. నర్సమ్మాయి వచ్చి, "ఎవరి కోసమండీ ఎదురు చూస్తున్నారు" అంటే చెప్పడానికి సిగ్గేసింది.

నాన్నగారు రోజూ వచ్చేవారు. పేపరు చదివి వినిపించేవారు, నాకు ఇష్టమని ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి, నాకు షుగరని గుర్తొచ్చి నర్సులకి పంచేసేవారు. మట్టి మాట మాత్రం ఎత్తలేదు. అల్లుడితోనూ అవసరమైన మాటలే. మావారు టీ తెచ్చిస్తే తీసుకునేవారు, తాగేవారు, గ్లాసు పక్కన పెట్టేవారు. ఇద్దరూ అలా ఒకే బల్ల మీద కూర్చుని ఉంటే నాకు క్రిమి కంటే అదే ఎక్కువ భారమనిపించేది. నాకు మందు దొరికింది. దీనికి ఏ మాట వేసి వెతకాలో తెలియలేదు.

డిసెంబరు

మాత్రలు ఇంకా కొన్ని వారాలున్నాయి. చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు గారు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక కాగితం చూపించారు. నా కేసుని ఒక వైద్య పత్రికకి రాస్తున్నారట. పేరూ ఊరూ ఉండవు, మీకు ఇష్టమేనా అని అడిగారు. ఇష్టమేనా? చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేశాను. నేనూ ఆ డేటాబేస్‌లోకి వెళ్తున్నాను, వెతికేవాళ్ల వైపు నుంచి కాదు, దొరికేవాళ్ల వైపు నుంచి.

చదివితే మొదటి వాక్యంలోనే నాకు చిరాకొచ్చింది. "షుగరు ఉన్న నలభై ఏడేళ్ల లైబ్రేరియన్" అని ఉంది.

"ఇలా రాస్తే ఎవరికీ దొరకదండి" అన్నాను. "నాలాంటి మనిషి జ్వరంతో పడుకుని ఉంటే, వాళ్ల డాక్టరు లైబ్రేరియన్ అని వెతుకుతారా?"

"మరి ఏం రాయమంటారు?"

ఏం రాయాలో నాకు తెలుసు. నోరు మాత్రం రాలేదు. పక్కన నాన్నగారున్నారు. మావారు నేల చూస్తున్నారు.

"మట్టి పని అని రాయండి డాక్టరు గారూ" అన్నారు నాన్నగారు.

ముగ్గురం ఆయన వైపు తిరిగాం. ఆయన చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. "మా అమ్మ ఊడ్పుల్లోనే జబ్బు పడిందండీ. నాకు పదకొండేళ్లు. నెల్లాళ్లు జ్వరం, దగ్గు, ఆ తర్వాత పోయింది. కూలిమనిషి జ్వరమే కదా అని ఎవరూ పేరు పెట్టలేదు. మా అమ్మాయికీ జ్వరం తగ్గకపోతే రోజూ నాకు ఆవిడే కనిపించేది. అయినా నోరు విప్పలేదు. ఆ మట్టి బతుకుని మట్టిలోనే వదిలేశాననుకున్నాను." ఆగి, అడిగారు. "ఆవిడది కూడా ఇదేనంటారా?"

డాక్టరు గారు కలం మూత తీశారు, మళ్లీ పెట్టారు. "ఇప్పుడు చెప్పలేమండీ. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు."

"సరేనండీ" అన్నారు నాన్నగారు. తర్వాత మావారి వైపు తిరిగి, ఆగస్టు తర్వాత మొదటిసారి పేరు పెట్టి పిలిచారు. "ప్రకాశం, పెళ్లప్పుడు నేను నిన్ను అడగాల్సిన మాట అది కాదయ్యా. చేతులకి ఏదైనా తొడిగించమని అడగాల్సింది." మావారు చెయ్యి చాచి ఆయన చేతికర్ర మీద పెట్టారు.

డాక్టరు గారు లైబ్రేరియన్ అన్న మాట కొట్టేసి, నర్సరీలో మట్టి పని చేసే మహిళ అని రాయబోయారు. నేను ఆగలేక, "లోపల కాదండి, శీర్షికలోనే పెట్టండి. వెతికేవాళ్ల కన్ను ముందు పడేది అక్కడే" అన్నాను. ఆయన నవ్వి, కాగితం పైకి తిప్పి శీర్షికలో రాశారు. నాన్నగారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, కాగితం తన వైపు తిప్పుకుని, ఆ మాట సరిగ్గా ఉందో లేదో వేలు పెట్టి చదువుకున్నారు.